వార్డు కౌన్సిలర్‌గా పోటీ చేశాను: నామినేషన్ నుంచి కౌన్సిల్ హాలు దాకా నా అనుభవం

టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి అడిగితే మనలో చాలామంది 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా తుపాకీ ముందు రొమ్ము చూపిన సంగతి చెప్తారు. లేదంటే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారని చెప్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో అంతకు చాలా ముందటి భాగం ఇష్టం. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి చదివిస్తే, పెద్దయ్యాక రాజమండ్రిలో ప్లీడరీ చేసుకుంటూ ఆ ఊరి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. అప్పటికి ఆయన ఇంకా ఇంగ్లండ్ వెళ్లలేదు, బారిస్టరు కాలేదు, స్వరాజ్య పత్రిక పెట్టలేదు. 1926లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకి ఎన్నికైన మనిషి అంతకు ఇరవై ఏళ్ల ముందే ఒక ఊరి కాలువలూ దీపాలూ పన్నుల లెక్కలూ చూసుకుని వచ్చారన్న మాట. ఆ రోజుల్లో ఈ దారిలో నడిచింది ఆయన ఒక్కరే కాదు. రాజాజీ 1917లో సేలం మునిసిపల్ చైర్మన్ అయ్యారు, నెహ్రూ 1923లో అలహాబాద్‌కి, పటేల్ 1924లో అహ్మదాబాద్‌కి మునిసిపల్ అధ్యక్షులయ్యారు. ఓటు హక్కు పన్ను కట్టే కొద్దిమందికే ఉండేదన్నది నిజమే, నాలాంటి ఆడది కౌన్సిల్ హాల్లోకి అడుగు పెట్టే వీలు కూడా దాదాపు లేదు. అయినా ఊరి పాలనలో తలమునకలైన వాళ్లు దేశానికి చట్టాలు రాయడానికి వెళ్లేవారు అన్న ఆ దారి నాకు చాలా సరైనదనిపిస్తుంది.

మా ఊరు గోదావరి జిల్లాలో రైల్వే లైను పక్కన ఉన్న చిన్న మునిసిపాలిటీ. నేను బీకామ్ చదివి కొన్ని షాపులకి లెక్కలు రాస్తుంటాను. మా వార్డు మహిళలకి రిజర్వ్ అయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవే, అయినా రిజర్వేషన్ జాబితా వచ్చిన రోజు మా వీధిలో అందరూ అడిగింది "ఏ ఇంటాయన వాళ్లావిడని నిలబెడతాడు" అనే. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఇంట్లో చెప్పాను, నేనే నిలబడతాను, ఏ పార్టీ కండువా వేసుకోను అని. మా ఆయన ఒకటే అడిగారు, "ఓడిపోతే బాధపడవు కదా" అని. బాధపడతాను, కానీ నిలబడతాను అన్నాను.

నామినేషన్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని గురించి మామూలు మనుషులకి చెప్పేవాళ్లు లేరు, పార్టీ వాళ్లకైతే అన్నీ నింపిపెట్టే మనుషులు ఉంటారు. వయసు 21 నిండాలి. ఆ మునిసిపాలిటీ ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి. మనల్ని ప్రతిపాదించేవాళ్లు మాత్రం పోటీ చేసే వార్డు ఓటరే అయ్యుండాలి, పక్క వార్డులో ఉన్న సొంత అన్నయ్య సంతకం పనికిరాదు. మునిసిపాలిటీకి బకాయి ఉండకూడదు కాబట్టి ఇంటి పన్ను, కుళాయి పన్ను రసీదులు ముందే తీసుకుని, ఆఫీసులో బకాయి లేదని రాయించుకోవాలి. ఆస్తులు, అప్పులు, చదువు, కేసులు అన్నీ ఒక అఫిడవిట్‌లో రాయాలి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు పోటీ చేయకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది, దానికీ ఒక డిక్లరేషన్ ఇచ్చాం. (2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది, మంచి పని చేశారు, దానివల్ల మా ఊళ్లో చాలామంది కష్టపడి పనిచేసే ఆడవాళ్లు పోటీకి దూరమయ్యారు.) డిపాజిట్ కట్టిన రసీదు జత చేయాలి. పార్టీ వాళ్లైతే బీ ఫారం (ఈయన మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే పత్రం) ఇస్తారు, అది లేని మాలాంటి వాళ్లకి ఎన్నికల సంఘం దగ్గరున్న గుర్తుల్లోంచి ఒకటి కేటాయిస్తారు.

నామినేషన్లు 2020 మార్చి 11 నుంచి 13 వరకు తీసుకున్నారు. ఆఫీసు వరండా అంతా జనం, డప్పులు, పూలదండలు. నేను ఒక ప్లాస్టిక్ ఫైలుతో, ప్రతిపాదించిన మా వీధి ఇస్త్రీ బండి ఆవిడతో వెళ్లాను. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన నా కాగితాలు ఒక్కోటీ తిప్పి, అఫిడవిట్‌లో ఖాళీగా వదిలేసిన గడి ఏదైనా ఉందా అని వెతికారు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. వర్తించని చోటల్లా "లేదు" అని రాసుంది. ఈ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి, గీత గీసి వదిలేస్తే పరిశీలన రోజున దాన్నే పట్టుకుంటారు. 14న పరిశీలన అయింది, నా నామినేషన్ చెల్లింది. ఆ మర్నాడే, అంటే 15న, కరోనా కారణంగా ఎన్నికలు వాయిదా అని టీవీలో స్క్రోలింగ్ వచ్చింది.

ఆరు వారాలని మొదలుపెట్టి అది దాదాపు ఏడాది సాగింది. అభ్యర్థినే కానీ ఎన్నిక లేదు. అదొక రకం టెన్షన్. అయితే నాకు ఎవరు ఓటేస్తారో, నేను ఎందుకు గెలవాలో అర్థమైంది ఆ ఏడాదిలోనే. లాక్‌డౌన్‌లో మా వార్డులో రేషను అందని ఇళ్లు ఏవి, మందులు కావాల్సిన ముసలివాళ్లు ఎవరు, అద్దె కట్టలేక ఊరు వదిలేసిన వాళ్లెవరు అని ఒక పాత లెడ్జర్‌లో వీధులవారీగా రాసుకున్నాను. పారిశుధ్య కార్మికులు తెల్లవారుజామున గ్లౌజులు కూడా సరిగ్గా లేకుండా బ్లీచింగ్ చల్లేవాళ్లు. వాళ్ల మేస్త్రితో మాట్లాడితే తెలిసింది, అంత పెద్ద వార్డుకి ఉన్న మనుషులు ఎంత తక్కువో, మురుగు ఎక్కడ ఆగుతుందో, ఏ తూము ఎవరి ఇంటి మెట్ల కింద పూడుకుపోయిందో. మా వార్డు గురించి నేను నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే.

2021 ఫిబ్రవరిలో, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెడతాం అన్నారు. అంటే నేరుగా ఉపసంహరణ దశ. గడువు మార్చి 2, 3 తేదీలు. అసలు పరీక్ష అదే. అప్పటిదాకా నన్ను పట్టించుకోనివాళ్లు కూడా ఇంటికి రావడం మొదలుపెట్టారు. దూరపు చుట్టాలు, మా ఆయన పనిచేసే చోట పెద్దలు, నేను లెక్కలు రాసే షాపు ఓనర్లు. ఎవరూ బెదిరించలేదు. "చెల్లెమ్మా, నీ మంచి కోరి చెబుతున్నానండి, ఏకగ్రీవమైతే వార్డుకి కూడా మంచిదే కదా" అంటారు. ఇంకొకాయన అయితే నాతో మాట్లాడకుండా మా మామయ్యగారితో మాట్లాడి వెళ్లారు. ఆ రెండు రోజులూ నేను ఫోన్ ఆపలేదు, ఆపితే ఒప్పుకుందని ప్రచారం చేస్తారని భయం. ఉపసంహరణ పత్రం మీద మన సంతకం ఉంటే తప్ప ఎవరూ మనల్ని తప్పించలేరు. ఆ ఒక్క సంతకం పెట్టకుండా 3వ తేదీ మధ్యాహ్నం దాకా నిలబడితే చాలు. సాయంత్రం గుర్తు కేటాయించారు.

పోలింగ్ మార్చి 10. గుర్తు చేతికొచ్చాక వారం కూడా లేదు. పైగా బ్యాలెట్ పేపర్లు. అసెంబ్లీ ఎన్నికల్లో మెషీన్ మీద బటన్ నొక్కడానికి అలవాటుపడ్డ వాళ్లకి, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లకి, ముద్ర వేయడం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నేను తెల్లకాగితం మీద గుర్తుల నమూనా గీసుకుని ఇంటింటికీ పట్టుకెళ్లాను. ముద్ర గడి మధ్యలో వేయాలి పిన్నీ, ముందు నిలువుగా మడిచి ఆ తర్వాత అడ్డంగా మడవాలి, తడి ఆరకుండా ఎలా పడితే అలా మడిస్తే పక్క గుర్తు మీద కూడా సిరా అంటుకుంటుంది, అని మడిచి చూపించేదాన్ని. ఒకావిడ నా చేతిలో కాగితం లాక్కుని తనే మళ్లీ మళ్లీ మడిచి, "ఇప్పుడు సరిపోయిందా అమ్మాయ్" అని అడిగింది. ఇంకేమీ మాట్లాడలేదు, హామీ అడగలేదు. పార్టీ ప్రచారాల్లో ఆటోలకి మైకులు కట్టి తిప్పుతారు, నాకంత డబ్బు లేదు. రోజూ ఖర్చు రిజిస్టరులో రాయాలి, ఫలితాలయ్యాక 45 రోజుల్లోగా లెక్క అప్పజెప్పాలి. లెక్కలు రాసే మనిషిని కాబట్టి అదొక్కటి నాకు సులువు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఇద్దరూ ఇవ్వాలి, చాలామంది ఓడిపోయాక దీన్ని వదిలేసి తర్వాత అనర్హత దాకా తెచ్చుకుంటారు, జాగ్రత్త.

14న కౌంటింగ్. బ్యాలెట్లని పాతికేసి చొప్పున కట్టలు కట్టి, కలిపి, అప్పుడు గుర్తులవారీగా విడదీస్తారు. వల అవతల నిలబడి చూస్తుంటే మడతలు తెలుస్తున్నాయి. నిలువుగా మడిచి అడ్డంగా మడిచినవి. అవి ఎక్కువగా నా ట్రేలోనే పడుతున్నాయని అనిపించింది, అది నిజమో నా ఆశో చెప్పలేను. కొద్ది మెజారిటీతో గెలిచాను. బయటికొస్తే ఇస్త్రీ బండి ఆవిడ ఏడుస్తోంది.

ఇక 18వ తేదీ. చైర్‌పర్సన్ ఎన్నిక. ఈ ఎన్నిక ఎలా జరుగుతుందో నేను కళ్లారా చూసేదాకా నాకు అర్థం కాలేదు. గెలిచిన కౌన్సిలర్లు ముందు ప్రమాణం చేస్తారు, తర్వాత పేరు ప్రతిపాదిస్తారు, బలపరుస్తారు, పోటీ ఉంటే చేతులెత్తి ఓటేస్తారు. పార్టీ కౌన్సిలర్లకి విప్, అంటే ఎవరికి ఓటేయాలో పార్టీ ఆదేశం, ఉంటుంది, మాకు ఉండదు. కౌన్సిలర్లతో పాటు ఆ ప్రాంతం ఎమ్మెల్యే, ఎంపీ కూడా ఎక్స్ అఫీషియో, అంటే పదవి రీత్యా, సభ్యులు. ఎంపీ నియోజకవర్గంలో చాలా మునిసిపాలిటీలు ఉంటాయి కాబట్టి ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆ రోజు మా ఎంపీ గారు మా ఊరిని ఎంచుకున్నారు. ముందు వరసలో గుడ్డ తొడిగిన కుర్చీ వేశారు. ఆయన వచ్చారు, నమస్కారాలయ్యాయి, చేయెత్తాల్సినప్పుడు ఎత్తారు, టీ తాగారు. పద్ధతిగా మాట్లాడే మనిషి, ఆయన మీద నాకే కోపమూ లేదు.

నేను ఒక కాగితం తయారుచేసుకుని వెళ్లాను. మా వార్డు చివర రైల్వే లైను కింద ఒక అండర్ బ్రిడ్జి ఉంది. నాలుగు చినుకులు పడితే మోకాళ్ల లోతు నీళ్లు, స్కూలు పిల్లలు పట్టాలెక్కి దాటుతారు. మునిసిపాలిటీ అక్కడ తవ్వడానికి వీల్లేదు, భూమి రైల్వేది. రైల్వే నీళ్లు తోడదు, కాలువ మునిసిపాలిటీది. ఈ రెండింటి మధ్య మాట్లాడగలిగింది ఒక్క ఎంపీయే. ఆయన కాగితం చదివారు, చదివి, "అమ్మా, ఈ ఏడాది ఎంపీ నిధులు లేవు కదా" అన్నారు. నిజమే, కరోనా పేరుతో 2020 ఏప్రిల్‌లో ఎంపీ నిధుల పథకాన్ని కేంద్రం నిలిపేసింది, మళ్లీ 2021 నవంబరులో గానీ ఇవ్వలేదు. నేను అన్నాను, నిధులు కాదండి, రెండు ఆఫీసులనీ ఒక్కసారి అక్కడ నిలబెట్టండి చాలు అని. ఆయన ఒక్క క్షణం ఆగి, "కాలువ వాలు ఎటుంటుంది?" అని అడిగారు. చెప్పాను. పక్కనున్నాయనతో నోట్ చేసుకోమన్నారు. ఆ వాలు ప్రశ్న అడిగినందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. కానీ ఆయన వెళ్లాక ఆలోచించాను, ఊరి పని చేసి వెళ్లిన మనిషికి ఆ ప్రశ్న ముందే తెలిసి ఉంటుంది, నేను కాగితం ఇవ్వాల్సిన అవసరమే ఉండదు.

ఇక కౌన్సిల్ పని. మొదట్లో ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే మా ఆయనకి చేసేవాళ్లు. "సార్, మేడమ్ గారిని సంతకానికి పంపండి" అని. ఆయన ప్రతిసారీ "ఆవిడ నంబరు ఇదండీ" అని చెప్పి పెట్టేసేవారు. అలా కొన్నాళ్లు చేస్తే అలవాటు మారింది. అజెండా కాగితాలు మీటింగుకి ముందే పంపాలి, పంపకపోతే అడిగి తీసుకోండి. అంశాలు చదవకుండా "ఆమోదం" అని బల్ల చరిచే పద్ధతికి అలవాటుపడొద్దు. నేను బడ్జెట్ పుస్తకం షాపుల లెక్కలు చూసినట్టే చూశాను, ముందు జీతాలు, కరెంటు బిల్లులు పక్కన పెట్టి, మిగిలేది ఎంత అని. చాలా తక్కువ మిగులుతుంది. ఆ తక్కువలో కూడా చాలా భాగం ఢిల్లీ నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటే. 2021 నుంచి 2026 దాకా అందులో మా లాంటి చిన్న ఊళ్లకి 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలని కట్టేసి ఇచ్చారు, మిగతా 40 శాతమే ఊరి ఇష్టం. మా వార్డులో శ్మశానం దారి వేయాలంటే ఆ 40లోంచే రావాల్సి వచ్చేది, దాని కోసం అన్ని వార్డులూ పోటీ. తాగునీటి పైపులు ఒకప్పుడే వేసేసిన ఊరికీ అదే 60, నీళ్లే లేని ఊరికీ అదే 60. తాగునీటికి ముందు డబ్బు పెట్టాలనడం తప్పని నేను అనను, కానీ ఈ శాతాలు నిర్ణయించే బల్ల దగ్గర ఎప్పుడో ఒకప్పుడు మునిసిపల్ బడ్జెట్ పుస్తకం చేత్తో పట్టుకున్న మనిషి ఉండాలి.

పన్ను విషయంలో ఇది ఇంకా బాగా తెలిసింది. 2021 నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నుని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కగడుతున్నారు, ఏడాదికి 15 శాతం మించి పెరగకుండా పరిమితి పెట్టి. చట్టం అసెంబ్లీ చేసింది, తీర్మానం మా చేత చేయించారు, డిమాండు నోటీసు పట్టుకుని జనం వచ్చింది మాత్రం మా ఇంటికి. సొంతిల్లు ఉండి ఆదాయం లేని ఒక పెద్దాయన నోటీసు నా బల్ల మీద పెట్టి, "ఇల్లు పెరగలేదు, గోడ కూడా కొత్తది కట్టలేదు, విలువ ఎలా పెరిగిందమ్మా" అన్నారు. రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్ను పెరుగుతుందని నేను లెక్క వేసి చూపించగలిగాను, ఆ లెక్క న్యాయమని మాత్రం ఒప్పించలేకపోయాను. చెత్త పన్నప్పుడూ ఇంతే. 2024 చివర్లో దాన్ని ఎత్తేసేదాకా ప్రతి నెలా మేమే మాటలు పడ్డాం. ఇలాంటి వాటికి కౌన్సిల్‌లో నా అభ్యంతరం మినిట్స్‌లో (మీటింగు రికార్డులో) రాయించాను. మైనారిటీలో ఉన్నా రాయించుకోవచ్చు, మీ పేరుతో సహా రాయమని అడగండి, రాసింది చదివించుకోండి.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో రాజ్యాంగం 12వ షెడ్యూల్లో 18 పనులు పట్టణ సంస్థలకి ఇవ్వొచ్చని రాశారు. రాసిన సంగతి నిజం. అందులో పట్టణ ప్రణాళిక మొదటిది, మా ఊళ్లో ప్లాను విషయంలో కౌన్సిల్ మాట ఎంత చెల్లుతుందో ప్రతి కౌన్సిలర్‌కీ తెలుసు. అందుకే ఇప్పుడు మునిసిపల్ చైర్మన్ అంటే ఎమ్మెల్యే టికెట్ రానివాళ్లకి సర్దిచెప్పే పదవిగా మారిపోయింది. ప్రకాశం గారి నాటి దారి ఎవరూ మూసేయలేదు, కానీ దాని మీద నడిచేవాళ్లు తగ్గిపోయారు. ద్రౌపది ముర్ము గారు 1997లో ఒడిశాలోని రాయరంగపూర్ నగర పంచాయతీ కౌన్సిలర్‌గా మొదలుపెట్టారని మా మెప్మా గ్రూపులో (పట్టణ మహిళల పొదుపు సంఘంలో) చెప్తే చాలామంది నమ్మలేదు. నాకు ఆ రోజు చాలా సంతోషంగా ఉండింది, అక్కడున్న ఆడపిల్లల్లో ఇద్దరు వెంటనే నామినేషన్‌కి ఏమేం కావాలని అడిగారు.

లోక్‌సభకి పోటీ చేయాలంటే ఏం కావాలో కూడా నేను తెలుసుకున్నాను. వయసు 25. డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకి సగం. స్వతంత్రులకి పదిమంది ప్రతిపాదకులు. కాగితాల వరకు చూస్తే కౌన్సిలర్ ఎన్నిక కంటే పెద్ద కష్టమేమీ కాదు. కానీ మన రాష్ట్రంలో ఖర్చు పరిమితి 95 లక్షలు, ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు తిరగాలి, తెల్లకాగితం మీద గుర్తు గీసుకుని ఇంటింటికీ వెళ్తే ఒక ప్రాంతం కూడా పూర్తి కాదు. పార్టీలు తమ కౌన్సిలర్లలోంచీ చైర్‌పర్సన్లలోంచీ మనుషుల్ని ఏరి పైకి పంపితే తప్ప ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. మా జిల్లాలో రెండు పార్టీల పెద్దల్నీ కలిసి ఈ మాట నేరుగా చెప్పాను, చైర్‌పర్సన్‌గా ఒక టర్మ్ బాగా చేసినవాళ్ల పేర్లు ఎంపీ టికెట్ జాబితాలో ముందు చూడండి అని. ఒకాయన శ్రద్ధగా విన్నారు.

అండర్ బ్రిడ్జి దగ్గర రైల్వే వాళ్లూ మా ఇంజినీరూ కలిసి కొలతలు తీసుకున్నారు, పక్క కాలువ లోతు చేశారు. పెద్ద వానకి ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి, మోకాళ్ల దాకా మాత్రం రావడం లేదు. పంపు పెట్టాలన్న రెండో కాగితం ఇంకా నడుస్తోంది. వచ్చే ఎన్నికల్లో నేను మళ్లీ నిలబడతాను, ఈసారి చైర్‌పర్సన్ పదవికి పేరు ప్రతిపాదించే దాకా వెళ్లాలని ఉంది. మీ ఊళ్లో ఎవరైనా నిలబడాలనుకుంటే ముందు ఓటర్ల జాబితాలో పేరు, వార్డు నంబరు సరిచూసుకుని, ఇంటి పన్ను కట్టేసి రసీదు దాచుకోండి, మిగతావి ఇక్కడ అడగండి, తెలిసినంతవరకు చెప్తాను.